ముప్పై రోజుల పంపు స్టవ్వు

కైరో, 1926 నవంబరు 1, సోమవారం

కొనేశాను! కిరసనాయిలు పంపు స్టవ్వు! ఇత్తడిది, తళతళా మెరుస్తోంది. పత్రికలో ప్రకటన చూసి మనసు పారేసుకున్నాను: 'ఐదు నిమిషాల్లో వంట. పొగ లేదు, మసి లేదు.'

ఇక వీధి పొయ్యికి పళ్ళెం పంపే పని లేదు. ఇంటింటి కూరలూ కాల్చిపెట్టే ఆ షల్బీ పొద్దున నలుగురిలో ఏమన్నాడు? "ఆఫీసు దొర ఎఫెందీ గారి పళ్ళెంలో అన్నీ దుంపలే. మాంసం ఏ మూల దాక్కుందో!"

ఒళ్ళు మండింది. అక్కడికక్కడే ఒట్టు పెట్టాను: "ఈ ముప్పై రోజుల్లో నీ పొయ్యిలో కాలింది నా గడప దాటిందా, నా పెళ్ళానికి తలాక్!"

మా ఆవిడ తఫీదా విని, "కోపం షల్బీ మీద, తలాక్ నాకా?" అంది. ఆడవాళ్ళకు పౌరుషం సంగతి తెలియదు.

2, మంగళవారం

ఉదయం 7: తఫీదా పంపు కొట్టింది. మంట ఎగిసింది. ఆమె కనుబొమ్మ సగం పోయింది. వస్తుందిలే!

మధ్యాహ్నం 2: బెండకాయ, మాంసం. కాస్త కిరసనాయిలు వాసన. అలవాటు పడాలంతే.

4, గురువారం

స్టవ్వు మొరాయించింది. కారణాలు:
కిరసనాయిల్లో నీళ్ళు కలిపారు.
కిటికీలోంచి గాలి.
తఫీదాకు పంపు కొట్టే ఒడుపు లేదు.

స్టవ్వు తప్పేమీ లేదు. భోజనం: రొట్టె, జున్ను, ఉల్లిపాయ.

7, ఆదివారం

అద్భుతం! గొర్రె భుజం! పైన ఎర్రగా, లోపల వెన్నలా. వంటింట్లో స్టవ్వు బుసబుసలు వింటూ తిన్నాను. రేపు ఆఫీసులో అందరికీ చెప్పాలి.

8, సోమవారం

చెప్పాను. హెడ్ క్లర్కు కూడా ఒకటి కొంటాడట!

11, గురువారం

గొంతు నొప్పి. ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. వీధిలోంచి చూద్దును కదా, మా వంటింటి కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దిగుతోంది. షల్బీ అందులో మా పళ్ళెం పెట్టాడు, పొగలు కక్కుతోంది. బుట్ట పైకి పోయింది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆదివారం నుంచి. మీ స్టవ్వు చచ్చి వారమైంది, రుష్దీ గారూ. వెలగదు గానీ, పంపు కొడితే బుస మాత్రం బాగా కొడుతుంది."

"నా ఒట్టు? తలాక్ పడిపోయిందేమో!"

"మీరన్నది గడప. కిటికీ ఊసెత్తారా? అయినా పడితే పడనీండి. మా అన్న బండి కట్టుకొస్తాడు."

భయమేసింది. తొమ్మిదేళ్ళ కాపురం. ఆమె లేని ఇంట్లో నేను ఒక్కపూట ఉండలేను. ఆ మాట ఆమెకు చెప్పలేదు, పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చాను. (తర్వాత తిన్నాను.)

12, శుక్రవారం

నమాజు కాగానే మసీదు షేకు గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన తన గడ్డం పట్టుకుని నవ్వారు.

"గడప దాటలేదుగా, కాపురం నిలిచింది. నిలబెట్టింది నీ భార్య. నీ నోటిదూలకు మాత్రం మూడు రోజులు ఉపవాసం ఉండు, నాయనా."

16, మంగళవారం

ఉపవాసం అయింది. స్టవ్వు బాగుచేయించాను. ఇవాళ మళ్ళీ మొదటి రోజు! ముప్పై రోజులు, ఒట్లు లేకుండా! తఫీదా ఒప్పుకుంది. ఒకటే షరతు: పంపు కొట్టేదీ, వండేదీ నేనే.

ఉదయం 6:00: పంపు.

6:20: ఇంకా పంపే.

6:45: వెలిగింది! ఉల్లిపాయ చేతికి తీసుకుని, "దీన్ని ఏ వైపునుంచి కొయ్యాలే?" అని కేకేశాను.

ఆమె మంచం దిగలేదు.

"వెళ్ళి షల్బీని అడగండి."