మాస్కు చాటున మాట

అమ్మకు నమస్కారం పెట్టి చిన్నది రాస్తున్నది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ అన్నయ్యా కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఊసెత్తలేదేం?

మీ ఆఫీసులో అందరూ వినపడనివాళ్ళే కదా, ఎంత ప్రశాంతంగా ఉంటుందో అని రాశావు. ప్రశాంతమా! ఒకరిని పిలవాలంటే నేల మీద కాలితో దబదబా కొడతాం, బల్లలు చరుస్తాం. మా గోల భరించలేక కింది అంతస్తు దర్జీ మెట్లెక్కి వచ్చి పోట్లాడతాడు. ఆయన తిట్లు మాకు వినపడవు కాబట్టి నవ్వుతూ నిలబడతాం. దాంతో ఆయనకి ఇంకా ఒళ్ళు మండుతుంది.

పనేమిటని అడిగావు. దేశంలోని బధిర యువతీ యువకులందరి తరఫునా కొట్లాడే సంఘం మాది. ఇప్పుడు ప్రతి ఆసుపత్రిలోనూ మా సైగల భాష వచ్చిన మనిషి ఉండాలని అడుగుతున్నాం. మొన్న ఆరోగ్యశాఖ పెద్దలతో సమావేశం జరిగింది. మా కార్యదర్శిని మేమంతా పిడుగు అంటాం. ఆ పిల్ల నన్ను ముందుకు తోసి, "లెక్కలు చెబితే వీళ్ళు ఆవులిస్తారు. మీ నాన్న సంగతి చెప్పు" అంది చేతులతో.

చెప్పాను. పరాయివాళ్ళకి చెప్పిన మాట నీకు చెప్పకుండా నాకు ముద్ద దిగడం లేదు.

మీ నాన్న ఆఖరున నీతో ఏం చెప్పాడే అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. నేను జవాబు దాటేస్తూ వచ్చాను. నువ్వూ అన్నయ్యా డాక్టరు గదికి వెళ్ళినప్పుడు ఆయన పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. తిరిగొస్తూ తలుపు అద్దంలోంచి ఆయన మాట్లాడడం చూశానన్నావు. నిజమే, చాలాసేపు మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదమ్మా.

పెదాల కదలిక చూసి మాట పట్టుకునే నా కోసం మీసం తీయించుకున్న మనిషి. మూతి బోసిపోయిందని చుట్టాలు ఎంత ఎగతాళి చేసినా మళ్ళీ పెంచలేదు. ఆయన నోటి మీద ఆక్సిజన్ మాస్కు పెట్టారు. లోపలంతా ఆవిరి. కాస్త పక్కకి జరపబోతే నర్సు నా చెయ్యి తోసేసింది. ఎందుకు జరుపుతున్నానో ఆమెకి ఎలా చెప్పను? కాగితం ఇస్తే నాన్న చేతిలో పెన్ను నిలవలేదు.

నాకు అందడం లేదని ఆయనకి తెలిసిపోయింది. మాట ఆపేసి నా మొహంలోకి చూశాడు. తర్వాత వేళ్ళు దగ్గర చేర్చి నోటి దాకా తెచ్చాడు. "తిన్నావా?"

మనింట్లో చేతులతో మాట్లాడుకున్నది ఎప్పుడూ అంతవరకే కదా. చేతులు ఊపనిస్తే పిల్లకి మాట రాదని బడివాళ్ళు చెప్పారు, మీరు నమ్మారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. తిన్నానని తలూపాను.

ఆయన చెప్పింది ఏదో పెద్ద మాటే అయ్యుంటుంది. నీ గురించే అయ్యుంటుంది. దాన్ని నీకు అందించలేకపోయాను. రాస్తుంటేనే ఏడుపొస్తోంది.

సమావేశంలో పెద్దలు కళ్ళు తుడుచుకుని, పరిశీలిస్తాం అన్నారు. వాళ్ళ పరిశీలన ఎప్పటికి తెమిలేనో.

ఆదివారాలు మా సంఘంలో అమ్మానాన్నలకి సైగలు నేర్పుతున్నాం. నువ్వు రా. ముసలిదాన్ని, వేళ్ళు తిరగవు అని వంకలు పెట్టకు. రేపు నీ నోటికో నా నోటికో ఆ మాస్కు పెడితే, మనం "తిన్నావా" దగ్గరే ఆగిపోకూడదమ్మా.

ఇట్లు,
నీ చిన్నది