బోర్డు మీది పచ్చదీపం

అమ్మా,

నేను బాగున్నాను, కార్డు చూసి కంగారు పడకు. సంతోషం పట్టలేక రాస్తున్నాను. న్యూట్రినోలనే కంటికి కనబడని కణాలను పట్టే పెద్ద నీళ్లతొట్టికి వేల ఎలక్ట్రానిక్ బోర్డులు కావాలనీ, మా ల్యాబుకు కొనే తాహతు లేక చవకలో నేనొకటి చేస్తున్నాననీ చెప్పానుగా! తొట్టి చీకట్లో ఏ చిన్న మెరుపు మెరిసినా ఆ బోర్డు పట్టుకోవాలి. ఇవాళ లోపలికి దించితే, ఏ కణమూ రాకుండానే ఆగకుండా మెరుపులు చూపించింది! "చవక సరుకు ఇంతేనమ్మా" అని మా పెద్దసారు మూతి విరిచాడు. ప్రాణం ఉసూరుమంది. పైకి తీసి చూద్దును కదా, బోర్డు మీద నేనే పెట్టిన బుల్లి పచ్చదీపం వెలుగుతోంది! అది పీకేసి దించాక ఆ దొంగ మెరుపులన్నీ ఆగిపోయాయి. కాసేపటికి ఆకాశం నుంచి దూసుకొచ్చిన కణమొకటి తళుక్కుమంది. న్యూట్రినో కాదులే, దానికి ఇంకా ఓపిక పట్టాలి. అయినా సారు "ఇంకో వంద చెయ్యి" అన్నాడు!

నీ కుట్టుమిషను దగ్గర మందపాటి నల్లగుడ్డ మిగిలితే పంపు, తొట్టి మూతకు కప్పాలి. మోకాలు ఎలా ఉంది? చెల్లికి ముద్దులు.

"గదిలోంచి వస్తూ లైటు ఆర్పి చావవే" అని రోజూ తిట్టే నాన్నకు చెప్పు, ఇవాళ ఆర్పానని.

నీ పెద్దది