దొంగ కడుపు అన్న మాట

వేములవాడ,
భాద్రపదం, 1961.

చిరంజీవి తమ్ముడు దశరథానికి, మరదలు సత్తమ్మకు, అక్క అనసూర్య దీవించి రాసేది.

రాజన్న దయవల్ల ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. భివండిలో మీరిద్దరూ తిండికీ నిద్రకూ లోటు లేకుండా ఉన్నారని అనుకుంటున్నాను. వానలు బాగానే పడ్డాయి. ఇంటిమీద పెంకులు సర్దించావా అని అడిగావు. పోయిన నెలలోనే సర్దించాను, మగ్గం గుంటలోకి చుక్క నీరు దిగలేదు. సత్తమ్మకు దగ్గు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. ఈసారి రాయి.

క్షేమసమాచారాలు ఇక్కడితో సరి. ఇక్కడి నుంచి కోపంతో రాస్తున్నాను. తీరిక చూసుకుని, పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

నీ ఉత్తరం సోమవారం అందింది. పెంకుల మాట తప్ప నువ్వు అందులో అడిగిందేమీ లేదు, ఆజ్ఞలే ఉన్నాయి. ఆ గజ్జి కుక్కను వెంటనే వెళ్ళగొట్టు, వాడలో మన పరువు పోతున్నది అని ఒకటి. జగిత్యాల బావ మనసు మెత్తబడింది, పెద్దమనుషుల ముందు తప్పయిందని ఒక్క మాట అని కాళ్ళు పట్టుకుంటే నీ సంసారం నిలబడుతుంది అని ఇంకొకటి. ముందు కుక్క సంగతి చెబుతాను.

మన వాడ లస్మవ్వ కొడుకు అంతయ్య నీ మిల్లులోనే కదా పని చేసేది. మీ అక్క కుక్కపిల్లలను దొంగతనంగా అమ్ముకుంది, అడిగినందుకు మా అవ్వను కొట్టింది అని వాడు చెప్పాడని రాశావు. వాడు చెప్పాడు, నువ్వు నమ్మావు. నన్ను ఒక్క మాట అడగలేదు. జరిగింది ఇది.

చుక్కి కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడు దాన్ని నువ్వే మంచిర్యాల నుంచి తువ్వాలులో చుట్టుకుని తెచ్చావు. నువ్వు భివండి పోయాక అది నా మగ్గం పక్కనే పెరిగింది. ఫాల్గుణంలో ఎదకు వస్తే ఇరవై రోజులు దాన్ని లోపలి అర్రలో పెట్టి తలుపు గొళ్ళెం వేశాను. ఏ మగకుక్కా దాని దగ్గరికి రాలేదు. ఇది నాకు తెలుసు. అయినా వైశాఖం దాటేసరికి దానికి పొట్ట వచ్చింది. చన్నులు ఉబ్బి పాలు కారాయి. తిండి మానేసింది. గోనెపట్టా చింపి మగ్గం కింద పరుచుకుంది. నా గంపలోంచి దారం చుట్టిన కండెలు మూడు నోట కరుచుకుని పోయి పొట్ట కింద పెట్టుకుంది. నేను చెయ్యి పెట్టబోతే, నా చేతి అన్నం తిని పెరిగిన కుక్క, నామీదనే గుర్రుమంది.

లస్మవ్వ వచ్చి చూసింది. పొట్ట మీద చెయ్యి పెట్టి, "గీ ఎనిమిది దినాలల్ల ఈనుతది సూడు. ఒక మగపిల్ల నాకు పెట్టాలె" అంది. తలుపు వేసి ఉంచాను, కడుపు ఎట్లా వస్తుందని నేనంటే నవ్వింది. వాడకట్టంతా తిరిగి చాటింది. నలుగురైదుగురు వచ్చి పిల్లలు తమకు కావాలని చెప్పిపోయారు. ఎనిమిది రోజులు పోయాయి, పదిహేను పోయాయి. పిల్ల లేదు, పాడు లేదు.

చేదబావి దగ్గర ఆరుగురు ఆడవాళ్ళ ముందు లస్మవ్వ నన్ను నిలదీసింది.

"పిల్లలేమైనయే? అమ్ముకున్నవా, బాయిల ఏసినవా?"

"కడుపే గాలే, పిల్లలు ఏడికెళ్ళి వస్తయి?" అన్నాను.

అప్పుడు ఆమె మిగతావాళ్ళ వైపు తిరిగి, "గీ ఇంట్ల ఆడోళ్ళకు కడుపులు గట్లనే అయితయి. నాలుగేండ్ల కింద గీమె జగిత్యాలల తెచ్చింది, ఇప్పుడు కుక్క తెచ్చింది. దొంగ కడుపులు" అంది.

వాళ్ళు నవ్వారు. నా చంకలో నిండు బిందె ఉంది. ఆ నీళ్ళన్నీ ఆమె నెత్తిన కుమ్మరించాను. కొట్టలేదు. కొట్టి ఉంటే కొట్టానని రాసేదాన్ని, నీకు భయపడి దాచను.

కొట్టింది ఆమెను కాదు. ఇంటికి వచ్చి చుక్కిని కొట్టాను. కట్టె పట్టుకుని మగ్గం కిందికి వంగి, ఆ కండెలు లాగి బయటికి విసిరేసి, "ఏడున్నయే నీ పిల్లలు? ఏడ పారేసినవ్?" అని అరిచి కొట్టాను. అది పారిపోలేదు, కరవలేదు. దెబ్బలు తింటూనే పాక్కుంటూ పోయి ఒక్కొక్క కండెనూ మళ్ళీ నోట పట్టుకుని తెచ్చుకుంది. మూడో కండె తెచ్చేటప్పుడు కుంటుతున్నది. నా చేతిలో కట్టె ఎప్పుడు కింద పడిందో నాకు గుర్తులేదు. ఒకప్పుడు ఒకరి నోట నేను విన్న మాటనే ఇప్పుడు నేను చుక్కిని అన్నానని అప్పుడు తెలిసింది. అది తర్వాత చెబుతాను.

ఆ తర్వాత దాని చర్మం పాడైంది. కారిన పాలు నాకి నాకి పొట్టంతా పచ్చి పుండు చేసుకుంది. చెవుల అంచుల మీద, మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి పొక్కులు కట్టాయి. రోజంతా గోక్కునేది. వాడలో ఎవరో పుణ్యాత్ములు గజ్జికి మందని లారీ ఇంజను నూనె దాని మీద పోశారు. తోలు కాలి, రెండు రోజులు అది మూలుగుతూ పడుకుంది. నా ముంజేతులకు కూడా దురద పట్టింది. గుడికి వచ్చేపోయే జనానికి అసహ్యంగా ఉందని, కుక్కను చంపించాలని వాడ పెద్దలు కబురు పెట్టారు. చంపడానికి మనుషులు దొరుకుతారు తమ్ముడూ. ఏమైందే దీనికి అని అడిగే మనిషి ఒక్కడు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే చుక్కి మెడకు పలుపు కట్టి సిరిసిల్ల పశువుల దవాఖానకు తీసుకుపోయాను. బస్సువాడు కుక్కను ఎక్కనివ్వలేదు. నడిచాం.

అక్కడి కంపౌండరు పేరు సీమోను, మంచిర్యాల వైపు క్రైస్తవుడు. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. తలుపు వేసి ఉంచానని చెబితే నవ్వలేదు. పొట్ట ఒత్తి చూసి, "నువ్వన్నదే నిజం, అక్కా. దీనికి కడుపు గాలే. అయిందని దాని పెయ్యి, గదే దాని ఒళ్ళు, అనుకున్నది. ఆడకుక్కలకు ఎదకు వచ్చినంక రెండు నెలలకు గిట్ల అయితది. పొట్ట వస్తది, పాలొస్తయి, ఏది దొరికితె గదే పిల్ల అనుకొని కాపలా కాస్తది. గిది అబద్ధమాడుడు గాదు. దానికి నిజమే" అన్నాడు.

"మరి గీ గజ్జి?"

"గది ఏరే. గజ్జి పురుగు ఎక్కడనో అంటుకున్నది. నాకుతుండబట్టి పుండైంది, పాలు గూడ ఆగుతలేవు. నూనె పోసినోడు మనిషేనా?"

చన్నులు ముట్టుకోవద్దు, పిండితే పాలు ఇంకా ఊరుతాయి అన్నాడు. నాకకుండా పొట్టకు మెత్తటి పాత గుడ్డ కట్టమన్నాడు. కొన్నాళ్ళు తిండి కాస్త తగ్గించి, రోజూ నడిపించమన్నాడు. కానుగ నూనెలో గంధకం నూరి ఇచ్చి, పుండు ఆరిన చోట గజ్జికి రాయమన్నాడు. "కండెలు ఒక్కసారే గుంజుకోకు. దినానికొకటి, దాని కండ్లపడకుంట తియ్యి" అన్నాడు. నేను కొట్టిన సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

ఆయన గంధకం నూరుతుంటే అడిగాను. అడగాలని అనుకోలేదు, నోట వచ్చేసింది.

"ఆడోళ్ళకు గూడ గిట్ల అయితదా?"

ఆయన నూరడం ఆపాడు. "గది నేను చెప్పేది గాదక్కా" అని లోపలికి కేకేశాడు. ఆయన భార్య ప్రేమమ్మ వచ్చింది. ఆమె మిషన్ దవాఖానలో ఏడేండ్లు నర్సుగా చేసిందట. నన్ను వాకిట్లో చెట్టు నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టింది.

"అయితది. నేను ముగ్గురిని చూసిన. ముట్టు ఆగుతది, కడుపు పెరుగుతది, పాలొస్తయి, లోపట కదిలినట్టు గూడ ఉంటది. ఒకామె నొప్పులు పడుకుంట బండిల వచ్చింది. లోపట ఏం లేదు. డాక్టరమ్మ ఆమెను ఒక్క మాట అనలే. నిన్ను నీ పెయ్యే మోసం చేసింది, నువ్వు ఎవ్వలను చెయ్యలే అని చెప్పింది" అంది. ఆ వెంటనే, "నీకెన్నడైంది?" అని అడిగింది.

ఎన్నడైందని అడిగింది చూడు. అయిందా అని అడగలేదు.

తమ్ముడూ, ఇప్పుడు నీకు రాస్తున్నది అవ్వ బతికి ఉంటే ఆమెకు చెప్పుకునే మాట. జగిత్యాలలో నాకు నిజంగా ముట్టు ఆగింది. పొట్ట పెరిగింది. అయిదో నెలలో లోపల కదలిక తెలిసింది, ఈ రోజుకూ ఆ కదలిక నాకు గుర్తుంది. రవికెలు పాలతో తడిసేవి. ఏడో నెలలో మా అత్త దేవవ్వ తన చేతులతో నాకు గాజులు తొడిగి శ్రీమంతం చేసింది. పదో నెల దాటింది. మంత్రసాని వచ్చి పొట్ట పిసికి, ఏమీ లేదని చేతులు కడుక్కుని పోయింది. వారంలో పొట్ట దిగిపోయింది. శ్రీమంతానికి వచ్చిన ఆడవాళ్ళందరినీ మళ్ళీ పిలిచి మా అత్త అడిగింది, "ఏడ పారేసినవే? ఉంటే ఏడ పారేసినవ్, లేకుంటే మమ్ములెందుకు ముంచినవ్?" అని. పారేయడానికి బిడ్డ ఉంటే కదా!

నన్ను తీసుకుపోవడానికి నువ్వు వచ్చావు. కరీంనగర్‌లో బస్సు మారినప్పుడు, "ఎందుకు అబద్ధమాడినవక్కా?" అని అడిగావు. "తప్పయింది తమ్మీ" అన్నాను. తప్పయిందంటే ఇక ఎవరూ ఏమీ అడగరని అన్నాను. నా కడుపు మీద నాకే నమ్మకం పోయి అన్నాను. నేను జన్మలో ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే. నాలుగేండ్లు దాన్ని నేనే నమ్ముతూ బతికాను. కడుపుతో ఉన్న ఆడదాన్ని చూసినా, ఊయల చూసినా, నేను దొంగననే అనుకున్నాను. ఒక్కరంటే ఒక్కరు, ఇట్లా కూడా అవుతుందమ్మా అని చెప్పి ఉంటే! చెప్పడానికి ఒక పశువుల దవాఖాన కావలసి వచ్చింది.

చుక్కికి పన్నెండు రోజుల్లో పాలు ఆగిపోయాయి. కండెలు పోయినట్టు కూడా అది చూసుకోలేదు. గజ్జి తగ్గడానికి నెలన్నర పట్టింది. ఇప్పుడు చెవుల మీద సన్నగా కొత్త వెంట్రుకలు వస్తున్నాయి. నా చేతులు కూడా ప్రేమమ్మ ఇచ్చిన మందుతో మానాయి. కుక్కను వెళ్ళగొట్టను. ఇది నీ ఆజ్ఞకు జవాబు.

ఇక జగిత్యాల మాట. గురువారం ఆయనే వచ్చాడు. మీ బావ హనుమంతు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"పెద్దమనుషులల్ల ఒక్క మాట ఒప్పుకో, అయిపోతది. అవ్వ గూడ ఏమనదు" అన్నాడు.

"ఏం ఒప్పుకోవాలె?"

"అబద్ధమాడిన అని."

"నేను ఆడలే."

"ఆడిన అని అప్పుడే ఒప్పుకున్నవు గద. నీ తమ్ముడే వచ్చి మా ఇంట్ల అందరి ముంగట చెప్పె."

నాకు ఆ క్షణం వరకు తెలియదు దశరథం. బస్సు మారేటప్పుడు నీతో ఏడుస్తూ అన్న మాటను నువ్వు తర్వాత మోసుకుపోయి వాళ్ళ వాకిట్లో పెట్టావని నాకు తెలియదు. నా తరఫున క్షమాపణ అడగడానికే పోయి ఉంటావు. నీ మనసు నాకు తెలుసు. కానీ నన్ను అడిగి పోయావా? వాళ్ళ దగ్గర అప్పటిదాకా అనుమానమే ఉంది. సాక్ష్యం నువ్వు ఇచ్చావు.

సీమోను చెప్పింది, ప్రేమమ్మ చెప్పింది, అంతా ఆయనకు చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. "నిజంగనే పాలొచ్చినయా?" అని అడిగాడు.

"మీ అవ్వనే నా రవికెలు పిండి ఆరేసింది. అడుగు పోయి."

"నాకెవ్వలు చెప్పలే."

"నువ్వు అడుగలే."

ఆయన ముఖం తుడుచుకున్నాడు. "అయితె పెద్దమనుషులతోని పనిలేదు. నడువు, పోదాం" అన్నాడు.

"నేను రాను. ఇప్పుడు నేను చెప్పిందంతా మీ అవ్వ ముంగట, శ్రీమంతానికి వచ్చినోళ్ళ ముంగట నువ్వు చెప్పు. చెప్పినంక సూద్దాం" అన్నాను. తల ఊపి పోయాడు. చెప్పాడో లేదో ఇంకా కబురు లేదు. చెప్పకపోతే నా మగ్గం నాకుంది.

దసరాకు వస్తామని రాశావు. రండి. కానీ నిజామాబాదులో రైలు దిగి నేరుగా ఇటు రాకు. సత్తమ్మను ఇటు వచ్చే బస్సు ఎక్కించి, నువ్వు జగిత్యాల పో. నాలుగేండ్ల కింద ఏ వాకిట్లో నిలబడి మా అక్క అబద్ధమాడిందని చెప్పావో, అదే వాకిట్లో నిలబడి, మా అక్క అబద్ధమాడలేదు, నేనే తెలియక చెప్పాను అని చెప్పు. ఎంతమంది ఉండగా చెప్పావో అంతమందిని పిలిపించి చెప్పు. వాళ్ళు నవ్వితే నవ్వనీ. నన్ను చూసి నవ్వినప్పుడు నేను నిలబడ్డాను, నువ్వూ నిలబడు.

ఆ పని చేసి వస్తే తలుపు తీసి ఉంటుంది. చేయకుండా వస్తే సత్తమ్మకు మాత్రం అన్నం పెడతాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
అనసూర్య