అత్తయ్య షెల్‌లో కన్నం

శ్రీవారికి,

మీ అమ్మగారూ నేనూ ఇక్కడ కులాసా. ఓడలో మీరూ వేళకు తిని నిద్రపోతున్నారనే అనుకుంటున్నాను. అత్తయ్య కళ్లజోడు మార్చారా అని మీరు అడిగారు. మార్చారు. పాతదే నయమని కొత్తదాన్ని తిట్టుకుంటూ పెట్టుకుంటున్నారు. "అమ్మ ఫోనులో ముభావంగా ఉంది, ఏమైంది?" అని కూడా అన్నారు. చెప్తాను.

అత్తయ్య వయసులో ఉండగా రాసిన షెల్ తెలుసుగా, మనం టైపు చేసిన ఆదేశాలను కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రాము. మా ఆసుపత్రి కంప్యూటర్లలో ఉన్నదీ అదే. అందులో కన్నం ఉందని ఎవరో మారుపేరుతో ఆవిడకు రాశారు. ఆ షెల్ అవసరానికి కంప్యూటరు మీద యజమాని అధికారం తీసుకుంటుంది, పని కాగానే వదిలేయాలి. వదిలేస్తోంది కూడా. కానీ ఇల్లు ఖాళీ చేసినా తాళంచెవి జేబులో ఉంచుకున్న మనిషిలా, మళ్లీ అడిగితే ఆ అధికారం దానికి దొరికిపోతోంది. కిటుకు తెలిస్తే మామూలు ఉద్యోగి కూడా మొత్తం కంప్యూటరుకు యజమాని అయి కూర్చోవచ్చు.

ఆ పూట అత్తయ్యకు భోజనం సహించలేదు. ఒకప్పుడు ఆవిడతో పనిచేసిన మీసాలాయన వచ్చి, "గుట్టుచప్పుడు కాకుండా కొత్త వెర్షన్‌లో సరిచేసెయ్యండమ్మా. ఇన్నేళ్ల పేరు, ఎందుకు పాడుచేసుకోవడం?" అన్నాడు.

"చెప్పకపోతే పాతది వాడేవాళ్లు మార్చుకోరు కదయ్యా. నా పరువు కోసం వాళ్ల తలుపులు బార్లా తీసి ఉంచమంటావా?"

అలా అనేసి, కన్నం పూడ్చి, వాడేవాళ్లందరికీ ప్రకటన రాయడానికి కూర్చున్నారు. ఆవిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మారుపేరు మనిషిని నేనే. ఆసుపత్రిలో కంప్యూటర్లు పరీక్షిస్తుంటే దొరికింది. అత్తకే వంకపెట్టిన కోడలిని ఎలా అవ్వను? ఆవిడ మనసు నొచ్చుకుంటే మా ఇద్దరి మధ్య ఉన్న చనువు పోతుందని హడలిపోయాను. మీక్కూడా చెప్పలేదు, కోప్పడకండి.

నిన్న ప్రకటన పంపేముందు పిలిచి చదవమన్నారు. చివర్లో ఇలా ఉంది: "తప్పు నాది. పట్టుకున్నది మా కోడలు."

"మీకెలా తెలిసింది అత్తయ్యా?" అన్నాను.

"అధికారం వదిలేశాక మళ్లీ అడిగి చూడమని నేర్పింది నీ ఒక్కదానికే కదే. నా దగ్గర దాచడమేంటి, పిచ్చిమొహమా!"

ఏడుపు ఆగలేదు నాకు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఏడ్చింది చాలు. ఇంకా ఎక్కడెక్కడ ఇలాంటి కన్నాలు వెలగబెట్టానో చూద్దాం, కుర్చీ ఇటు లాక్కో" అన్నారు.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు