రెండెనిమిదులు

ఏమోయ్,

నేనూ పిల్లీ కులాసా. బట్టలతో పాటు నువ్వు పంపిన ఉత్తరం అందింది. అత్తయ్య తుంటి ఎముక అతుక్కుంటోందని, చేతికర్రతో నాలుగడుగులు వేస్తోందని చదివి మనసు కుదుటపడింది. ఆవిడ తనంతట తాను నడిచేదాకా నువ్వు అక్కడే ఉండు. నా వంట గురించి అడిగావు. అన్నం మాడటం తగ్గింది. గిన్నె మాత్రం ఇంకా నల్లగానే ఉంది, వచ్చాక తిడుదువుగాని.

నెట్ గురించీ అడిగావు. బాగుపడింది. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి నంబరు తప్పు చెప్పబట్టే ఇన్నాళ్ళూ పిల్లల క్లాసులు ఆగిపోయాయి. ఇప్పుడు మళ్ళీ సాయంత్రం క్లాసులు నడుస్తున్నాయి. పిల్లలు నా మొహం తెర మీద కనబడగానే మూలుగుతున్నారు, అంటే అంతా మామూలే.

ఇక నీ చివరి ప్రశ్న. "ఆ పిల్లకి బుద్ధొచ్చిందా?" అని రాశావు. అక్కడే ఆగిపోయాను. ఫోన్లో నీ గొంతు వింటూ చెప్పలేకపోయాను, అందుకే ఈ కాగితం.

మనం ఏదైనా పేజీ పేరు కొడితే, ఆ పేరుకి ఏ నంబరో వెతికిపెట్టే యంత్రం కంపెనీ దగ్గర ఉంటుందట. దాన్ని మార్చారు. కొత్త యంత్రం నంబరు మన రౌటర్లో నేనే కొట్టాలంది ఆ అమ్మాయి. ఓపిగ్గానే చెప్పింది. "పది, చుక్క, రెండెనిమిదులు, చుక్క, సున్నా, చుక్క, ఒకటి సార్." కొట్టాను. లైట్లన్నీ పచ్చగా వెలిగాయి, ఒక్క పేజీ తెరుచుకుంటే ఒట్టు.

"మీరు కొట్టింది ఒక్కసారి చదువుతారా సార్?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. అంకెలు కొట్టడం నువ్వు నేర్పుతావా నాకు? పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వు!" అని నోరు పారేసుకున్నాను. చదవలేదు. వాళ్ళ సూపర్వైజరుకి ఫిర్యాదు కూడా చేశాను.

తర్వాత కంపెనీ మనిషి ఇంటికొచ్చి రౌటరు తెరిచి చూశాడు. "ఎనభై ఎనిమిది ఉండాల్సిన చోట ఈ పదహారేంటండీ?" అన్నాడు.

పదహారు! వినగానే తల కొట్టేసినట్టయింది. రెండెనిమిదులు పదహారు. రోజూ పిల్లలచేత వల్లె వేయించే ఎక్కం. ఆ అమ్మాయి రెండు ఎనిమిదులు పక్కపక్కన కొట్టమంటే, నా వేళ్ళు గుణించి పెట్టాయి.

అప్పుడైనా నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "మీ అమ్మాయే పదహారు అని చెప్పింది" అన్నాను. తడుముకోకుండా అనేశాను. అతను తలూపి రాసుకుని వెళ్ళిపోయాడు. కస్టమరు మాటే చెల్లుతుందట అక్కడ. ఆ అమ్మాయిని ఫోన్ల దగ్గర్నుంచి తీసేశామని, ఉద్యోగం ఉంచాలో ఊడబెరకాలో చూస్తున్నామని సూపర్వైజరు నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఈ సంగతి తెలిసి కూడా నీకు ఫోన్లో "వాళ్ళకి బాగా గడ్డిపెట్టాను" అని కోతలు కోశాను. నువ్వు మీ అక్కకి చెప్పి నవ్వావు.

నీ ఉత్తరం చదివాక ఉండబట్టలేదు. సూపర్వైజరుకి ఫోన్ చేసి, అబద్ధం నాదేనని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన నా మాటలు రాసుకున్నాడు. తర్వాత, "రేపట్నుంచి తను మళ్ళీ ఫోన్ల మీదే ఉంటుందండీ" అన్నాడు. ఒక్కసారి ఆ అమ్మాయితో మాట్లాడించమని బతిమాలాను.

"చెప్పండి సార్, నెట్ బాగా వస్తోందా?" అంది. అదే గొంతు, అదే మర్యాద.

"తప్పు నాది తల్లీ. నువ్వు సరిగ్గానే చెప్పావు. పదహారు కొట్టింది నేను."

"తెలుసు సార్. కొడుతూ మీరు 'రెండెనిమిదులు పదహారు' అని గొణుక్కున్నారు. నాకు వినిపించింది."

"మరి అప్పుడే చెప్పలేదేమ్మా?"

"అందుకే కదా సార్, ఒక్కసారి చదవమన్నాను."

 ఆ పిల్ల నా పరువు కాపాడుతూ అడిగింది. నేను ఆ పిల్ల కూడు లాగేయబోయాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

మీ అక్కకి కూడా ఇదంతా చెప్పు. నవ్వితే నవ్వనీ, ఈసారి నన్ను చూసి నవ్వాలి.

నా క్లాసులో రబ్బరు వాడనివ్వనని నీకు తెలుసుగా. తప్పు చేస్తే దానిమీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది వేయాలి, తప్పు కనబడుతూనే ఉండాలి. ఈ ఉత్తరం మొదట్లో అలవాటుకొద్దీ "ఆ అమ్మాయి నంబరు తప్పు చెప్పబట్టే" అని మళ్ళీ రాసేశాను. చూసుకుని వేరే కాగితం తీయబోయి మానేశాను. దానిమీద గీత కొట్టి, పక్కన "నేను నంబరు తప్పు కొట్టబట్టే" అని రాశాను. వెనక్కి వెళ్ళి చూడు.

ఇట్లు,
నీ మొగుడు