నిక్లాస్ తాతకు ఏమైంది

ఎమ్మెన్‌టాల్, స్విట్జర్లాండ్
14 అక్టోబరు 1978

అమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు. నేనిక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. ఒహాయోలో నువ్వూ, చెల్లి లిడియా, దాని పిల్లలూ కులాసాగా ఉన్నారనీ, వానలు పట్టుకోకముందే మొక్కజొన్న కోతలు అయిపోయాయనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వడిగినవి. తల మీద ముసుగు వేసుకోవడం లేదు. చలికి గుడ్డ కట్టుకుంటున్నాను, దాన్నే ముసుగనుకుంటే అనుకో. తిండికి లోటు లేదు. నేను పనిచేసే పత్రికవాళ్లు సెలవు ఇచ్చారు. మన మూలపురుషుడు నిక్లాస్ తాత ఇల్లు దొరికింది.

గోడలు కొత్తవి, పునాది పాతదే. గడ్డి దాచే గదిలో నేలపలక ఎత్తితే కింద మనిషి పడుకునేంత చోటు ఉంది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇప్పించబోమనీ, దొరల ముందు ప్రమాణం చెయ్యబోమనీ మొండికేసిన మనవాళ్లు సైనికులు వస్తే అందులో దూరేవారు. చిన్నప్పుడు నువ్వు చెప్పినట్టే ఉంది.

ఆ ఇంట్లో ఇప్పుడు రోసి అనే ముసలావిడ ఉంటోంది. నిక్లాస్ అక్క సంతతి. వాళ్లు మొదటినుంచీ ప్రభుత్వ చర్చికి పోయేవాళ్లే. నేనెవరో చెప్పగానే గుమ్మంలోనే అందుకుంది.

“వెళ్లిపోయినోళ్ల పిల్లవా! మూడొందలేళ్లు ఆలస్యమయ్యావే తల్లీ, సూపు చల్లారిపోయింది. అవునూ, మీ మగాళ్లు ఇప్పటికీ మీసం గీసేసి గడ్డం ఒక్కటే ఉంచుతారా?”

“ఉంచుతారండీ.”

“పోన్లే, ముద్దు పెట్టుకోడానికి అడ్డం లేదు!”

నువ్వు మరీ మరీ అడిగింది, తాతను పట్టించింది పొరుగున పిండిమర వాడేనా అని. కాదమ్మా. తరతరాలుగా వాణ్ణి ఊరికే తిట్టాం. బెర్న్‌లో విచారణ కాగితాలు చదివాను. తాతను, ఆయన భార్య ఎల్స్‌బెత్ అవ్వను, పిల్లలను దేశం నుంచి వెళ్లగొడితే సరిహద్దు అవతల అల్సాస్‌లో మనవాళ్ల మధ్య తలదాచుకున్నారు. ఇక్కడ తల్లికి జబ్బు చేసిందని తాత ఒక్కడే తిరిగొచ్చాడు. తల్లి తిండి పెట్టింది. వెళ్లగొట్టినవాడికి తిండి పెట్టడం అప్పట్లో నేరం. సోదాకు వచ్చిన సైనికులు తాతను పట్టుకుని, మంచంలో ఉన్న ఆ తల్లిని కూడా బండి మీద వేసుకుని చెరసాలకు తీసుకెళ్లారు.

తాత చెరలోనే విశ్వాసం కోసం ప్రాణం విడిచాడని కదా మన ఇంట్లో చెప్పుకుంటాం. చనిపోలేదు. తల్లిని వదిలిపెడితే చాలన్నాడు. చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. వాళ్ల చర్చిలో రొట్టె తీసుకున్నాడు. తల్లిని ఇంటికి తెచ్చి, ఆమె పోయేదాకా ఉండి, మళ్లీ అల్సాస్‌కు నడిచాడు. ప్రమాణం చేశాడని అక్కడ మన సంఘం వెలివేసింది. వెలిపడ్డ మొగుడితో పెళ్లాం తినకూడదు, పడుకోకూడదు.

మిగతాది రోసి చెప్పింది. వాళ్లింట్లో అది ఇప్పటికీ చెప్పుకుంటారు.

“పెళ్లాం గుమ్మం ఎక్కనివ్వలేదంట. ఎవరిదో గుర్రాలకొట్టంలో చలికాలమంతా కాచుకున్నాడు, పిల్లలు కనబడతారేమోనని. ఇక లాభం లేదని ఇక్కడికే వచ్చేశాడు. ముసలాడై పోయేదాకా మేమే పెట్టాం, మేమే పాతిపెట్టాం. మీవాళ్లు ఒక్కరైనా వచ్చారా?”



చెరలో పోయాడన్న మాట పిల్లలకు చెప్పింది ఎల్స్‌బెత్ అవ్వే. ఆ పిల్లల పిల్లలమే మనం.

వచ్చే జూన్‌లో మన రేబర్ల కుటుంబం అంతా కలిసినప్పుడు చదవడానికి తాత కథ రాసి పంపమన్నావు. ఇదే ఆ కథ. ఎనోస్ మామయ్య బిషప్ కాబట్టి చదవనివ్వడు, తెలుసు. కనీసం చెరలో పోయాడని చదవనివ్వకు.

నన్ను రమ్మన్నావు, భోజనం మాత్రం వేరే బల్ల మీద, పెద్దల మాట అన్నావు. బాప్తిస్మం తీసుకుని, ఇచ్చిన మాట దాటి కాలేజీకి పోయాను కాబట్టి వెలి. తెలిసే పోయాను. నాన్నను పూడ్చిన రోజు కూడా వేరే బల్ల మీదే తిన్నాను. దాని గురించి ఎప్పుడైనా ఒక్క మాట అన్నానా?

ఇంకొకటి కూడా అనకూడదనే అనుకున్నాను. ఎల్స్‌బెత్ అవ్వ సంగతి తెలిశాక ఆపుకోవడం నా వల్ల కాలేదు. మొన్న వేసవిలో, లిడియా ఉంటుందేమోనని, ఇళ్లలో ఫోన్ పెట్టుకోని మనవాళ్లంతా వాడుకునే సందు చివరి టెలిఫోను గదికి ఫోన్ చేశాను. దాని చిన్న కూతురు సాలోమె ఎత్తింది.

“ఎవరండీ?”

“నేనే తల్లీ, ఫ్రెనీ పెద్దమ్మని.”

“ఫ్రెనీ పెద్దమ్మ చచ్చిపోయిందండీ.”

“ఎవరు చెప్పారు?”

“మా అమ్మమ్మ. మీరు వేరే ఎవరికో చేసినట్టున్నారు, పెట్టేస్తానండీ.”

పెట్టేసింది. మర్యాద తెలిసిన పిల్ల, బాగా పెంచారు.

వెలి వెయ్యమని సంఘం చెప్పింది. చంపెయ్యమని ఎవరు చెప్పారమ్మా? ఎల్స్‌బెత్ అవ్వను అడగలేను కాబట్టి నిన్ను అడుగుతున్నాను.

నేనున్నానని సాలోమెకు నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పానని ఒక్క ముక్క రాయి, వస్తాను. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. చెప్పలేకపోతే నాకోసం వేరే బల్ల కూడా వెయ్యొద్దు. చచ్చినదానికి భోజనమెందుకు?

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న నీ పెద్దకూతురు
ఫ్రెనీ