మైకు బాగున్న ఫోన్

నాలుగు కెమెరాల తమ్ముడికి,

నోరున్న అక్క దీవెనలు. నీ ఫోన్ల కొట్లోంచి నువ్వు పంపిన బొమ్మల కాగితాలు అందాయి. ఒక్కోదాని వీపున అన్నేసి కళ్ళేమిట్రా, చూస్తుంటే సాలెపురుగు గుర్తొచ్చింది. చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయని రాశావు. ఆ గుంటలతో నాకేం పని? స్క్రీను ఎండలో కూడా మెరుస్తుందట, చిప్పు గుర్రంలా పరిగెడుతుందట, బ్యాటరీ ఇలా పెడితే అలా నిండుతుందట. పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాడు కూడా ఇన్ని గుణాలు వర్ణించడు.

నేనడిగేది ఒక్కటే. వాటిలో దేని మైకు బాగుంటుంది? మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు పట్టుకునేది కావాలి. నా పాత ఫోన్ మైకులోకి పిండి పోయిందో తడి పోయిందో, ఎవరికి చేసినా "బావిలోంచి మాట్లాడుతున్నావా" అంటున్నారు.

ఇక్కడితో ఉత్తరం ముగిద్దామనుకున్నాను. కానీ నువ్వు ఊరుకోవు, ఈమాత్రం దానికి ఉత్తరం ఎందుకే, ఫోన్ చేస్తే పోయేదిగా అంటావు. చేయనిది నీకు భయపడేరా. నా గొంతు వింటే ఒక్క ముక్కలో పట్టేస్తావు. బొంగురు పోయింది. మొదట జలుబనుకున్నాను. బస్టాండు మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పీ చెప్పీ అరిగిపోయిందిలే అనుకున్నాను. వేడినీళ్ళు తాగాను, పుక్కిలించాను, తగ్గలేదు. మా మేనేజరు మర్యాదగానే నన్ను మైకు గదిలోంచి లేపి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. అప్పుడు వెళ్ళాను డాక్టరు దగ్గరికి. ఆవిడ గొంతులోకి సన్నటి గొట్టం దించి చూసింది. గడ్డ ఉంది. మంచిది కాదు. ప్రాణం నిలబడాలంటే స్వరపేటిక మొత్తం తీసేయాలంది. తీసేశాక మెడ దగ్గర చిల్లు పెడతారట, ఊపిరి దాంతోనే. కొన్నాళ్ళకి ఏదో మిషను పెట్టుకుని మాట్లాడొచ్చట. "కానీ ఆ వచ్చేది మీ గొంతు కాదమ్మా" అని కూడా ఆవిడే చెప్పింది.

మీ బావకి తెలుసు. అప్పట్నుంచీ నేను ఏం మాట్లాడినా చేతిలో పని ఆపి వింటున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడైనా విన్నారా ఆ మనిషి! పిచ్చుకకి మాత్రం చెప్పలేదు. పదేళ్ళ కూతురికి ఏమని చెప్పను? చిన్న ఆపరేషన్ అన్నాను. సరేనని ఆడుకోవడానికి పోయింది.

అందుకే ఈ మైకు గోల. గొంతు పోయేలోపు దానికి కావలసిన మాటలన్నీ చెప్పి దాచిపెడదామని నిర్ణయించుకున్నాను. పరీక్షకి వెళ్ళే పొద్దున వినడానికి ఒకటి, జ్వరమొస్తే ఒకటి, స్నేహితురాలితో పోట్లాడి ముఖం మాడ్చుకుని వచ్చినప్పుడు ఒకటి, ఒళ్ళు ఎదిగి తనకే కొత్తగా ఉన్నప్పుడు ఒకటి. ఇంకా పెద్దదయ్యాక మొదటి ఉద్యోగానికి బయలుదేరేటప్పుడు. బొంగురుదైతేనేం, నాదే కదా. చచ్చిపోతానేమో అన్న భయం కన్నా నా గొంతు అది మరిచిపోతుందేమో అన్న భయమే నన్ను తినేస్తోందిరా.

ఏడవకు. కొట్లో జనం చూస్తారు. మైకు సంగతి త్వరగా రాయి.

నీ అక్క

*

అక్కా,

ఏడవకన్నావు. షట్టరు సగం దించి మరీ ఏడ్చాను. ఇంత కష్టం కడుపులో పెట్టుకుని నాతో సాలెపురుగు జోకులేస్తావా? ఎదురుగా ఉంటే నీ జడ పట్టుకుని లాగేవాణ్ణి.

కౌంటరు దగ్గరికొచ్చే ప్రతివాళ్ళూ కెమెరా ఎంత, మెమరీ ఎంత అంటారు. మైకు ఎలా ఉందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. నీ ఉత్తరం చదివాక కొట్లో ఉన్న ఫోన్లన్నీ ముందేసుకుని ఒక్కోదాంట్లో మాట్లాడి విన్నాను. పిచ్చెక్కిందా అన్నాడు పక్క కొట్టాయన. మంచివాటిలో రెండు మూడు మైకులుంటాయి. కింద ఉన్నది మన మాట కోసం, పైనున్నది చుట్టుపక్కల గోలని కనిపెట్టి తీసేయడానికి. కొన్ని ఖరీదైనవి గోలతో పాటు గొంతులో గరుకు కూడా తీసేసి మనిషిని నున్నగా చేసేస్తున్నాయి. అలాంటిది నీకు వద్దు. నేను పంపుతున్నది మధ్యరకం ఫోన్. కెమెరా మామూలే, కానీ ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది. చోటు బాగా ఉంది, నీ నోటికి కూడా ఇప్పట్లో నిండదు. విడిగా మెమరీ కార్డు పెట్టాను, రేపు ఫోన్ పాడైనా నీ మాటలు పోవు. స్పీకరు కూడా గట్టిదే చూశాను.

మాట్లాడేటప్పుడు ఫ్యాను కట్టెయ్. ఫోన్ చేత్తో పట్టుకోకు, కింది చిల్లుల మీద వేలు పడుతుంది. పుస్తకాలకి ఆనించి పెట్టి, జానెడు దూరంలో కూర్చో.

ఆపరేషన్ నాటికి నేను అక్కడుంటాను. వద్దని రాయకు, రాసినా చదవను.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

ఆసుపత్రిలో నా మంచం పక్కనే ఉండి, పలక మీద నా కోడి గీతలు చదివి చదివి నీ కళ్ళు పోయాయి. ఇప్పుడు కాగితం మీద తీరిగ్గా చదువుకో. ఇది నువ్వు వెళ్ళాక జరిగిన సంగతి.

ఇంటికొచ్చాక పిచ్చుక నాకు దూరదూరంగానే తిరిగింది. మెడ దగ్గర చిల్లంటే దానికి భయం. నేను పిలవలేను, చప్పట్లు కొడితే ఉలిక్కిపడి వచ్చేది. ఒక సాయంత్రం మీ బావ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇదిగో, అమ్మ నీకోసం దాచింది" అని ఫోన్ పెట్టారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అది బుద్ధిగా కాసేపు విని, "నాన్నా, ఈవిడ బస్టాండు ఆవిడ కదా? అమ్మ మాటలేవీ?" అంది.

వెక్కిరించడానికి అనలేదురా. నిజంగానే అడిగింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనూ విన్నాను. "నీవు పరీక్షకు బయలుదేరుతున్నావు. కావలసిన వస్తువులను ఒకసారి సరిచూసుకో. తొందరపడవద్దు." ప్రతి మాటా విడివిడిగా, ప్రతి వాక్యం చివరా చిన్న విరామం. లగేజీ జాగ్రత్త అని ఒక్కటే తక్కువ. అన్నేళ్ళ అలవాటు మరి, మైకు కనిపిస్తే చాలు నా వెన్ను దానంతటదే నిటారవుతుంది. నువ్వు చెప్పినట్టే ఫ్యాను కట్టాను, తలుపులు మూశాను, పుస్తకాలకి ఆనించాను, గొంతు సవరించుకున్నాను. కన్నబిడ్డతో ఎవరైనా గొంతు సవరించుకుని మాట్లాడతారా? నీ ఫోన్ తప్పేమీ లేదు. ఊపిరి కూడా వినిపిస్తోంది. నేనిచ్చింది ఇచ్చినట్టే పట్టుకుంది.

ఆపరేషనప్పుడు కూడా అంత ఏడవలేదు. ఏడిస్తే చప్పుడు రాదని అప్పుడే తెలిసింది. ఇంట్లో నేనెలా మాట్లాడేదాన్నో గుర్తు చేసుకుందామని ఎంత తన్నుకున్నా నాకు రాలేదు. ఎవరి గొంతు వాళ్ళకి తెలియదేమో. ఈసారి సరిగ్గా చెప్పి దాచుకుందామంటే చెప్పేందుకు ఏముంది నా దగ్గర? ఫోన్ బల్ల మీద పడేశాను. మళ్ళీ ఎవరూ పెట్టమనలేదు.

నిన్న పొద్దున మీ బావ స్నానాలగదిలో గడ్డం గీసుకుంటున్నారు. నేను పాలు పొయ్యి మీద పెట్టి, కిటికీలోంచి వీధి చూస్తూ మరిచిపోయాను. గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న పిచ్చుక తలెత్తి ఒక్క కేక పెట్టింది. "పాలు పొంగి పొయ్యి పాలవుతున్నాయి! నీ ధ్యాస ఎక్కడ మేస్తోందే? ఎన్నిసార్లు చెప్పాలి? నీతో వేగలేక చస్తున్నానమ్మా!"

"పొద్దున్నే దాని మీద పడతావెందుకే? చిన్నపిల్ల, వదిలెయ్!" అన్నారు మీ బావ లోపల్నుంచి. నేను పిల్లని తిట్టినప్పుడల్లా ఆయన అనే మాటే.

అన్నాక కుళాయి ఆగిపోయింది. ఒక బుగ్గ మీద సబ్బు నురగతోనే బయటికొచ్చారు. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ నన్ను చూశారు. దాన్ని చూశారు. బొంగురు పోకముందు నా గొంతురా అది. మాట సాగదీయడం, చివర్లో ఆ విసుగు, ఆ విసుగు కింద ఉన్న గారం, ఒక్కటీ పొల్లుపోలేదు. అది అనుకుని చేసింది కాదు, దానికసలు తెలియనే తెలియదు. నా చెయ్యి బల్ల మీదున్న ఫోన్ దాకా పోయింది. వెనక్కి తీసుకున్నాను. నా కూతురే కదా, మైకు చూపిస్తే అదీ సర్దుకుని కూర్చుంటుంది.

"ఏమైంది? ఇద్దరూ ఎందుకలా చూస్తున్నారు?" అంది పిచ్చుక. నాకైతే గొంతు లేదు. ఆయన నురగ బుగ్గతోనే వెళ్ళి గడప మీద దాని పక్కన కూర్చున్నారు.

నీ అక్క